అద్దాల బీరువా తాళం

మాల్యాద్రికి ఉన్నది ఒకటే దిగులు. సంఘం బీరువాలు ఎప్పుడు చూసినా సగం ఖాళీగా ఉంటాయి.

నెల్లూరు మూలాపేటలో ఒక టైలరు కొట్టు మీద, మేడగదిలో నడుస్తుంది పెన్నఒడ్డు చదువరుల సంఘం. దానికి లాభం లేదు, చందా లేదు, జరిమానా అసలే లేదు. ఆదివారం సాయంత్రాలు జనం చేరతారు. రాసినవాళ్ళు రాసింది చదువుతారు, రాయనివాళ్ళు వింటారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లల చేత కథలు రాయిస్తారు. ఆసుపత్రిలో మంచం పట్టినవాళ్ళ దగ్గరికి పోయి పుస్తకం చదివి వినిపిస్తారు. ఎవరు ఏ పుస్తకం అడిగినా బీరువా తెరిచి చేతిలో పెడతారు. ఎప్పటికి తెచ్చివ్వాలో మాత్రం చెప్పరు. మాల్యాద్రికి మండేది అక్కడే.

సంఘాన్ని పెట్టింది కామాక్షమ్మ. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, ఊళ్ళో చాలామందికి టీచరమ్మ. మాల్యాద్రి ఆవిడ దగ్గర బళ్ళో చదువుకోలేదు. పంచాయతీరాజ్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తల్లో, రాసిన మొదటి కథ చొక్కాజేబులో పెట్టుకుని, భయపడుతూ ఆ మెట్లెక్కాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "వచ్చే ఆదివారం ఇంకోటి తీసుకురా" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని అతను ఇప్పటికీ మెట్లెక్కుతూనే ఉన్నాడు. రాయడమూ, అంతకంటే ముందు వినడమూ ఆవిడ దగ్గరే నేర్చాడు. గురువంటే ఆవిడే అతనికి.

కిందటేడు వార్షికోత్సవానికి ఒక పెద్దమనిషి ముఖ్య అతిథిగా వచ్చాడు. ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. శాలువా కప్పించుకుని, రెండు మాటలు చెబుతానని అరగంట చెప్పి, చివర్లో బీరువాల ముందు ఆగాడు. బీరువాలు భేషుగ్గా ఉన్నాయి, పుస్తకాలు ఏవండీ అని నవ్వాడు. సభంతా నవ్వింది. వెనక వరసలోంచి కామాక్షమ్మ, "ఊళ్ళో ఉండాయి సార్" అంది. దానికీ నవ్వారు. మాల్యాద్రికి మాత్రం తల కొట్టేసినట్టయింది. పాపం టీచరమ్మ ఏదో సర్దిచెప్పింది అనుకున్నాడు.

ఈ ఏడు సంగతి వేరు. కామాక్షమ్మకు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మెట్లెక్కడం కష్టంగా ఉందనీ, వార్షికోత్సవం అయ్యాక తాళంచెవి ఎవరికైనా అప్పజెప్పేస్తాననీ ఆవిడే ఒక ఆదివారం చెప్పేసింది. ఎవరికని ఎవరూ అడగలేదు. అందరి చూపూ మాల్యాద్రి మీదికే పోయింది. మాల్యాద్రి నేల చూస్తూ కూర్చున్నాడు గానీ, లోపల మాత్రం పిల్ల కాలువ పారుతోంది. తాళంచెవి చేతికొచ్చే రోజుకు బీరువా బీరువాలా ఉండాలని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాడు.

అంతే, కాలికి బలపం కట్టుకున్నాడు. ఆఫీసు వదలగానే సైకిలు మీద ఊరంతా తిరిగి, ఎవరి దగ్గర ఏ పుస్తకముందో ఆరా తీసి, ముక్కుపిండి వసూలు చేశాడు. ఇంకో రెండు రోజులని ఒకరు బతిమాలారు. సగంలో ఉన్నానని ఇంకొకరన్నారు. సంతపేటలో సుబ్బరత్నమ్మనే ఆవిడ అయితే గుమ్మంలో నిలబడి, మా ఆయనకు కంటి ఆపరేషనయి కట్టు కట్టారు, రోజూ చదివి వినిపిస్తుండా, ఈ ఒక్కటీ అయిపోనీ నాయనా అంది. ఉత్సవం కాగానే మళ్ళీ ఇస్తామమ్మా అని, ఆవిడ చేతిలోంచి పుస్తకం తీసుకుని సైకిలెక్కాడు మాల్యాద్రి. మంచివాడే. మంచివాడికి పట్టుదల వస్తే ఎవరూ ఆపలేరు.

తెచ్చిన పుస్తకాలన్నీ దుమ్ము దులిపాడు, అట్టలు వేశాడు, నంబర్ల వరసలో సర్దాడు. వాటి మధ్యలోంచి ఏవేవో రాలాయి. బస్సు టికెట్లు, ఎండిన కరివేపాకు రెమ్మ, మందుబిళ్ళల ఖాళీ అట్ట, నెమలి ఈక, ఎవరిదో పెళ్ళిపత్రికలోంచి చించిన ముక్క. జనానికి శుభ్రం తెలియదని గొణుక్కుంటూ అన్నిటినీ పాత మలైకాజా డబ్బాలోకి ఊడ్చి మూల పెట్టాడు. ఆఖరి పుస్తకం దాని చోట్లో కూర్చున్నాక వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఒక్క సందు లేదు. పెళ్ళిపందిట్లో బంతి కుదిరినట్టు కుదిరింది. అతని కడుపు నిండిపోయింది.

వార్షికోత్సవం రానే వచ్చింది. అదే పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. బీరువాల ముందు ఆగి, ఈసారి నోరు తెరిచి చూశాడు. సంఘమంటే ఇదీ, క్రమశిక్షణ అంటే ఇదీ అన్నాడు. చప్పట్లు మోగాయి. మాల్యాద్రి గురువు వంక చూశాడు. ఆవిడ బీరువా అద్దంలోకి చూస్తోంది. కాసేపు చూసి, "ఒక్కటి కూడా బయట లేదా?" అని అడిగింది.

"ఒక్కటి కూడా లేదు టీచరమ్మా."

ఆవిడ తల ఊపింది. మెచ్చుకున్నదనే అనుకున్నాడు మాల్యాద్రి.

అతిథి వెళ్ళిపోయాక, మలైకాజాలు తిని చేతులు కడుక్కుని, ఎప్పుడూ వచ్చేవాళ్ళు చాపల మీద చేరారు. ఉత్సవం రోజున చివరికి టీచరమ్మ ఏదైనా చదివి వినిపించడం సంఘంలో వాడుక. ఆవిడ తాళం తీసి ఒక పుస్తకం బయటికి లాగింది. ఏరి తీసిందో, చేతికందింది తీసిందో ఎవరికీ తెలియదు. పాత నవల, ఎన్నడో అట్ట పోయింది. మాల్యాద్రి కొత్తగా వేసిన అట్టే దానికి బట్ట. ఆవిడ సగం తిరగేసి, అక్కడినుంచి మొదలుపెట్టింది.

వరదొచ్చిన ఏరు. పడవవాడు పొద్దున అవతలికి పోయాడు, తిరిగి రాలేదు. చీకటి పడింది. అతని పెళ్ళాం లాంతరు పట్టుకుని రేవులో నిలబడి ఉంది. నీళ్ళు పాదాల దాకా వచ్చాయి, మోకాళ్ళ దాకా వచ్చాయి. ఊరివాళ్ళు వెనక్కి రమ్మని కేకలేస్తున్నారు. ఆమె కదలదు. అంతలో దూరంగా, నీళ్ళ అవతల, ఒక దీపం కనబడింది. కదిలినట్టే ఉంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతెత్తి పిలిచింది.

కామాక్షమ్మ టప్పున పుస్తకం మూసింది.

ఆవిడ లేచి, పుస్తకాన్ని సరిగ్గా దాని నంబరు దగ్గర పెట్టి, అద్దాల తలుపు మూసి, తాళం వేసింది. అయ్యో టీచరమ్మా, తర్వాతేమైందని నాలుగు గొంతులు ఒక్కసారే అడిగాయి.

"పుస్తకం బీరువాలో ఉండాలి గదా. సందు రాకూడదు" అంది. అని, తాళంచెవిని కొంగున ముడేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

తాళంచెవి ఎవరి చేతికీ రాలేదు. మాల్యాద్రి కుక్కినపేనులా ఇంటికి పోయాడు. తాళంచెవి రానందుకు బాధపడాలి న్యాయానికి. బాధ ఉంది కూడా. కానీ అన్నం ముందు కూర్చుంటే దీపం గుర్తొచ్చింది. నీళ్ళు తాగితే దీపం గుర్తొచ్చింది. ఆ దీపం పడవదా, కాదా? ఇంత వయసొచ్చి, ఎవరో రాసిన కథలో పడవ కోసం ఇట్లా కొట్టుకుపోవడమేమిటని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటే మాత్రం దీపం ఆరుతుందా.

తెల్లారగానే సైకిలేసుకుని టీచరమ్మ ఇంటికి పోయాడు. ఆవిడ వరండాలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. బీరువా ఒకసారి తుడవాలి, తాళంచెవి కావాలన్నాడు.

"మొన్ననే గదా తుడిచింది."

నంబర్లు ఒకసారి సరిచూడాలన్నాడు. అవీ సరిచూశావు గదా అంది. మాల్యాద్రి ఇక దాచుకోలేకపోయాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ దీపం ఎవరిది టీచరమ్మా?"

కామాక్షమ్మ గోంగూర కాడ తుంచుతూ తలెత్తింది. "అడిగేది నువ్వొక్కడివేనా మాల్యాద్రీ?"

కొంగు ముడి విప్పి తాళంచెవి అతని ముందు పెట్టి, మళ్ళీ గోంగూరలో పడింది.

మాల్యాద్రి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. ముందు కాజా డబ్బా గుర్తొచ్చింది. తర్వాత బస్సు టికెట్లు, కరివేపాకు రెమ్మ, నెమలి ఈక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మందుబిళ్ళల అట్ట గుర్తొచ్చేసరికి, గుమ్మంలో నిలబడి బతిమాలిన సుబ్బరత్నమ్మ కళ్ళముందు కదిలింది. లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, గేటు దాకా పోయి మళ్ళీ వచ్చి వేసుకున్నాడు.

మేడగదికి పోయి బీరువా తెరిచాడు. అట్ట పోయిన ఆ నవల చేతిలోకి తీసుకున్నాడు. సుబ్బరత్నమ్మ దగ్గర తెచ్చిన పుస్తకం అదే. ఆ పేజీ ఎక్కడుందో అతనికి తెలుసు. వేలు పెట్టి తెరిచాడు కూడా. గదిలో ఎవరూ లేరు, చదివితే అడిగేవాళ్ళూ లేరు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, డబ్బాలోంచి మందుబిళ్ళల అట్ట వెతికి తీసుకుని సంతపేటకు పోయాడు.

సుబ్బరత్నమ్మ తలుపు తీసి, పుస్తకం చూసి, అతన్ని లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయింది. లోపలికి తిరిగి, "వచ్చిందయ్యో, వచ్చింది" అంది. కంటికి కట్టుతో మంచం మీదున్న ఆయన లేచి కూర్చున్నాడు.

పుస్తకం తీసుకుపోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే పోట్లాటని ఆవిడే చెప్పింది. ఆ దీపం పడవదేనని ఆవిడ. కాదు, చేపలు పట్టేవాళ్ళదని ఆయన. ఈ గొడవలో ఒక పూట కూర మాడిపోయిందట. మాల్యాద్రి తప్పయిందమ్మా అన్నాడు. గుర్తు తీసేశాను, ఏ పేజీలో ఉన్నారో ఏమోనని మందుబిళ్ళల అట్ట చేతికివ్వబోయాడు.

"మేం యాడ ఆగామో మాకు తెలీదా నాయనా" అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది.

మాల్యాద్రి గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆవిడ చదివింది. కూడబలుక్కుంటూ, అక్కడక్కడ ఆగి మొగుడికి వివరిస్తూ చదివింది. ఆ దీపం పడవదీ కాదు, చేపలవాళ్ళదీ కాదు. అవతలి రేవులో ఇంకో ఆడమనిషి తన మొగుడి కోసం పట్టుకున్న లాంతరు. ఇద్దరూ రాత్రంతా ఏటికి ఇటూ అటూ ఒకరి దీపం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. తెల్లారాక రెండు రేవులకూ పడవలొచ్చాయి. సుబ్బరత్నమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. ఇద్దరం ఓడిపోయాం గదే అని ఆయన నవ్వాడు. గుమ్మంలో మాల్యాద్రికి ఏడుపూ వచ్చింది, హాయిగానూ అనిపించింది. అంత హాయి వార్షికోత్సవం చప్పట్లలో కూడా దొరకలేదు.

ఆ తర్వాత మళ్ళీ సైకిలు, మళ్ళీ ఊరు. తెచ్చినవన్నీ తెచ్చినచోటే ఇచ్చొచ్చాడు. టికెట్టు ఎవరిదో, ఈక ఎవరిదో వాళ్ళే ఏరుకున్నారు. కరివేపాకు రెమ్మ మాత్రం నాదంటే నాదని ఇద్దరు పేచీ పడ్డారు.

ఆదివారం సాయంత్రం కామాక్షమ్మ ఆగి ఆగి మెట్లెక్కి వచ్చింది. ఆ రోజే కొత్తగా ఒకతను వచ్చాడు, బ్యాంకులో బదిలీ మీద ఊరికి వచ్చినవాడు. బీరువాలు చూసి, అరలన్నీ ఖాళీగా ఉన్నాయే, పుస్తకాలేవి సార్ అని మాల్యాద్రిని అడిగాడు.

"ఊళ్ళో ఉండాయి సార్" అన్నాడు మాల్యాద్రి. అని, మిగిలినవాటిలోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

కామాక్షమ్మ విన్నట్టు కనబడలేదు. జనం సర్దుకుంటుండగా బీరువా దగ్గరికి పోయి, గొళ్ళానికి వేలాడుతున్న తాళంకప్పను తీసి సంచిలో వేసుకుంది. మాల్యాద్రి జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ ముందు చాపాడు.

"అది నీ దగ్గరే ఉంచుకో. కప్ప నేను తీసకపోతుండా. మా వంటింట్లో పిల్లొకటి పాలగిన్నెకు మరిగింది."

"తాళంచెవి లేకుండా ఎట్ట తీస్తారు టీచరమ్మా?"

"వేస్తే గదా తీసేది. ఊరికే తగిలిస్తా" అంటూ ఆవిడ చాప మీద తన చోట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. "పిల్లికి చాలు. ఊఁ, ఎవరిదయ్యా ఈ రోజు కత? చదవండి."