దాచేసిన ఏడు కామెంట్లు

విజయనగరంలో ఉయ్యాలలు చేయించి అమ్మే గురునాథరావు పనిలో నిక్కచ్చి మనిషే గాని, తన సరుకుకు ఎవరైనా వంక పెడితే మాత్రం అస్సలు చెవిన పెట్టేవాడు కాడు.

ఆయన దుకాణం పేరు 'బుజ్జిలాలి'. వేపచెక్క చట్రం, నవారు అల్లిక, రెండు వైపులా గొలుసులు, గొలుసుల చివర ఇనప కొక్కేలు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ప్రతి ఉయ్యాలనూ తనే అరచేత్తో తడిమి చూసేవాడు. ఎక్కడ చిన్న పేడు గుచ్చుకున్నా వడ్రంగికి వెనక్కి పంపేసేవాడు. కానీ కొన్నవాళ్లు వచ్చి "గొలుసు కిర్రుమంటోందండీ" అంటే "మీరు నూనె వేయడం లేదు" అనేవాడు. "రంగు వెలిసిపోయిందండీ" అంటే "మీ ఇంట్లో ఎండ ఎక్కువ" అనేవాడు.

భార్య సరోజిని ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "వాళ్లు చెప్పేది ఒక్కసారి పూర్తిగా వింటే ఏం పోతుందండీ?"

"వింటే అలుసైపోతాం" అన్నాడు గురునాథరావు.

ఒక గురువారం ఉదయం విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. చంటిపిల్లల సామాను అమ్మే పెద్ద దుకాణం అది. నగరంలో ఆరు చోట్ల ఉంది. బుజ్జిలాలి ఉయ్యాలలు తమ దుకాణాల్లో పెట్టే ఆలోచన ఉందని మేనేజరు చెప్పాడు.

"కానీ సార్, మీ ఫేస్‌బుక్ పేజీ చూశాను. అందులో ఫోన్ నంబరు పాతది. ఇన్‌స్టాగ్రామ్‌లో దుకాణం పేరు ఇంకోలా ఉంది. ఫోటోలన్నీ మసకగా ఉన్నాయి. వచ్చే శుక్రవారం మా మేడమ్ కూర్చుని అన్నీ చూస్తారు. ఈలోగా సరిచేసుకోండి" అన్నాడు.

చేతిలో ఉన్నది ఎనిమిది రోజులు. గురునాథరావు ఆ సాయంత్రమే హారిక అనే ఆమెను పిలిపించాడు. హారిక పదేళ్లు ఒక పత్రికలో ప్రకటనల విభాగంలో పనిచేసి, ఇప్పుడు ఊళ్లో నాలుగైదు దుకాణాల సోషల్ మీడియా పేజీలు చూసుకునేది. తక్కువ మాట్లాడేది, ఎక్కువ రాసుకునేది.

ఆమె వచ్చిన మర్నాటి నుంచే పేజీల రూపు మారిపోయింది. అన్ని చోట్లా ఒకే పేరు, ఒకే గుర్తు పెట్టింది. పాత నంబరు తీసి కొత్తది పెట్టింది. మ్యాపులో దుకాణం రెండు వీధుల అవతల చూపిస్తుంటే దాన్నీ సరిచేసింది. దుకాణం ఏమిటో, ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో రాసింది. ఉయ్యాలలను కిటికీ వెలుతురులో పెట్టి కొత్త ఫోటోలు తీసింది.

"పైన పెద్ద ఫోటో ఒకటి కావాలి సార్. చూడగానే నమ్మకం కలగాలి" అంది.

గురునాథరావుకు వెంటనే తన మనవరాలు గుర్తొచ్చింది. కూతురు ప్రసూన పురిటికి పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉంది. ఐదు నెలల పాప పేరు ఇందు. పాప ఉయ్యాలలో నిద్రపోతున్న ఫోటో తీయించి, దాని కింద తనే ఒక మాట రాయించాడు. 'మా మనవరాలు నిద్రపోయేదీ ఇందులోనే.' ఆ ఫోటోను రెండు రోజుల్లో వేలమంది చూశారు. గురునాథరావు గంటకోసారి ఫోను తీసి లెక్క చూసుకుని మురిసిపోయేవాడు.

సోమవారం నాడు హారిక నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఇంక ముఖ్యమైనది ఒక్కటి మిగిలింది సార్. జనం రాసిన కామెంట్లకు రెండేళ్లుగా ఎవరూ జవాబు ఇవ్వలేదు. మంచివాటికి నేను ఇస్తాను. ఫిర్యాదులకు మాత్రం మీరే చెప్పాలి. కొన్ని కొత్తగా వచ్చాయి, ఒకసారి చదవండి."

గురునాథరావు ముఖం ముడుచుకుంది. "జవాబులెందుకమ్మా? తీసేస్తే పోలా?"

"తీసేయడం నాకు ఇష్టం లేదు సార్. అవతలివాళ్లు ఏదో చెప్పుకుందామనే కదా రాస్తారు."

"సరే, ఆ పని నేను చూసుకుంటాను. ఎలా చేయాలో చూపించండి చాలు."

హారిక నోటుబుక్కు మూసింది. కామెంటును పూర్తిగా చెరిపేయకుండా, బయటివాళ్లకు కనపడకుండా దాచే వీలుందని చూపించి, తన బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

గురునాథరావు దుకాణంలో కుర్చీ వెనక్కి వాల్చుకుని పని మొదలుపెట్టాడు. 'చాలా బాగుంది' అన్నవన్నీ ఉంచాడు. 'ఆలస్యంగా వచ్చింది' అన్నది దాచాడు. 'రంగు' అన్నది దాచాడు. ఒకామె పొడుగ్గా రాసింది. 'సార్ మీ ఉయ్యాల కొక్కెం' అన్న మొదటి నాలుగు మాటలు చూసి మిగతాది చదవకుండానే దాచేశాడు. దాని కింద ఇంకొకటి, అదీ కొక్కెమే. ఇంకొకటి, మళ్లీ కొక్కెమే. మామూలుగా అయితే ఎవరికైనా అక్కడ అనుమానం రావాలి. గురునాథరావుకూ అనుమానం వచ్చింది గాని, అది ఉయ్యాల మీద కాదు. ఊళ్లోనే కంటోన్మెంటులో కొత్తగా పెట్టిన ఉయ్యాలల దుకాణం మీద.

"అందరూ ఒకే మాట రాస్తున్నారంటే ఎవరో కూర్చోబెట్టి రాయిస్తున్నారన్నమాట" అనుకున్నాడు. గంటలో పేజీ అంతా శుభ్రమైపోయింది.

బుధవారం ఒకామె ఫోను చేసింది. "బాబుగారూ, మాది సాలూరు. మీ ఉయ్యాల కొక్కెం గురించి..." అంటుండగానే ఆయన పెట్టేశాడు. ఆ నంబరు నుంచి ఇంకో రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం హారిక ఆఖరి ఫోటోలు పెట్టడానికి దుకాణానికి వచ్చింది. ఆమె పని చేసుకుంటూ ఉండగా గుమ్మంలోకి ఒక యువతి వచ్చి నిలబడింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట. చంకలో ఏడెనిమిది నెలల బాబు ఉన్నాడు. బాబు కుడిచేతికి భుజం దాకా తెల్లటి సిమెంటు కట్టు ఉంది.

"బుజ్జిలాలి గురునాథరావుగారు మీరేనా?"

"నేనే. కూర్చోమ్మా. ఏం కావాలి?"

ఆమె కూర్చోలేదు. "నా పేరు గౌరీశ్వరి. సాలూరులో అంగన్‌వాడీలో ఆయాగా చేస్తాను. ఫోన్లో నా మాట వినలేదు మీరు. కామెంటు రాశాను, దానికీ జవాబు లేదు. అందుకని వచ్చాను."

గురునాథరావు లేచి నిలబడ్డాడు. "చూడమ్మా, నిన్ను ఎవరు పంపించారో నాకు తెలుసు."

"నన్ను ఎవరూ పంపలేదు బాబుగారూ. మీ మనవరాలు పంపింది."

గౌరీశ్వరి సంచిలోంచి ఒక ఇనప కొక్కెం తీసి బల్ల మీద పెట్టింది. గుండ్రంగా వంగి ఉండాల్సిన దాని కొన విచ్చుకుని దాదాపు తిన్నగా అయిపోయింది.

"మూడు వారాల కిందట ఇది విచ్చుకుపోయి బాబు పడ్డాడు. చెయ్యి విరిగింది. జరిగిందేదో జరిగింది, మిమ్మల్ని తిట్టాలని రాలేదు. మొన్న మీ పేజీలో మనవరాలి ఫోటో చూశాను. ఉయ్యాల పెద్దగా కనిపిస్తోంది కదా, పైన కొక్కెం కూడా కనిపించింది. మాదానికి ఉన్నలాంటిదే. ఫోనులో చెబుదామంటే పెట్టేశారు. పాపను చూశాక ఇంట్లో ఊరుకోలేకపోయాను."

గురునాథరావు కొక్కేన్ని చేతిలోకి తీసుకున్నాడు. చూడగానే పోల్చుకున్నాడు. ఇరవై ఏళ్ల పాటు కొక్కేలు కొట్టిచ్చిన ముసలి కమ్మరి నాలుగు నెలల కిందట పని మానేశాడు. అప్పటి నుంచి బజారులో తయారుగా దొరికేవి బస్తాలతో కొంటున్నాడు. చెక్కను తడిమి చూసిన చెయ్యి ఇనుమును మాత్రం వంచి చూడలేదు. ఇందు ఉయ్యాల చేయించింది ఆ తరవాతే.

ఆయన వెంటనే ఇంటికి ఫోను చేశాడు.

"సరోజినీ, పాప ఎక్కడ?"

"ఉయ్యాలలో ఉందండీ. ఇప్పుడే నిద్రపోయింది."

"బయటికి తియ్యి."

"అరగంట ఊపితే పడుకుందండీ. ఇప్పుడు లేపితే..."

"సరోజినీ, ముందు పాపను ఎత్తుకో. తరవాత మాట్లాడు."

అవతల నుంచి ఏ చప్పుడూ లేదు. ఆ నాలుగైదు క్షణాలూ ఆయన ఫోనును అదిమి పట్టుకున్నాడు. చెవిలో పాప ఏడుపు వినిపించింది. నిద్ర చెడినందుకు ఏడ్చే ఏడుపే అది.

"ఎత్తుకున్నాను. ఏమైందండీ? మీ గొంతేమిటి అలా ఉంది?"

ఆయన "వస్తున్నా" అని పెట్టేశాడు. గౌరీశ్వరిని, బాబును, హారికను ఆటో ఎక్కించుకుని ఇంటికి వెళ్లాడు. ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది. పైపైన చూస్తే కొక్కేనికి ఏమీ అయినట్టు లేదు. గురునాథరావు వంటింట్లోంచి పది కిలోల బియ్యం సంచి తెచ్చి ఉయ్యాలలో పెట్టాడు. మెల్లగా ఊపాడు. ఒకటి, రెండు, మూడు. పదిహేనో ఊపుకో పదహారో ఊపుకో కిర్రుమంది. కొక్కెం కొన అందరూ చూస్తుండగానే సాగింది. మరుక్షణం ఉయ్యాల ఒక పక్కకు ఒరిగి, సంచి గచ్చు మీద పడి పిగిలింది. బియ్యం గదంతా చెల్లాచెదురైంది.

ప్రసూన పాపను గుండెకు అదుముకుని గోడకు ఆనుకుపోయింది. సరోజిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గౌరీశ్వరి కొడుకు పడిన సంచిని చూసి, కట్టు ఉన్న చేతిని తల్లి మెడ వెనక దాచుకున్నాడు.

గురునాథరావు హారిక వైపు తిరిగాడు.

"నేను దాచేసినవి చూడొచ్చా?"

"చూడొచ్చు సార్." ఆమె ఫోను తెరిచి ఇచ్చింది.

ఆయన నిలబడే చదివాడు. కొక్కెం గురించి ఏడుగురు రాశారు. బొబ్బిలి నుంచి ఒక తండ్రి, 'పాప నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి, మిగతావాళ్లకైనా చెప్పండి' అని రాశాడు. గజపతినగరం నుంచి ఒక నాయనమ్మ ఎవరితోనో రాయించింది. 'ఉయ్యాల మంచిదే నాయనా, కొక్కెం ఒక్కటి చూసుకోండి.' ఒకతను కొక్కెం ఫోటో కూడా పెట్టాడు. ఏ ఒక్కరూ తిట్టలేదు. ఏడుగురూ ఆయనకు మంచి చెప్పడానికే రాశారు. ఏడింటినీ ఆయన తన బొటనవేలితోనే ఒక్కొక్కటిగా దాచేశాడు. అందులో నాలుగు కామెంట్లు గౌరీశ్వరి బాబు పడక ముందే రాసినవి.

ఆ తేదీలు చూసి గురునాథరావు గచ్చు మీద, బియ్యంలోనే కూలబడిపోయాడు. ఆ నాలుగూ వచ్చినప్పుడే ఆయన చదివి ఉంటే బాబు చెయ్యి విరిగేది కాదు. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా, నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు" అన్నాడు గౌరీశ్వరితో.

"నన్ను అడగకండి బాబుగారూ. ఇంకా ఎంతమంది ఇళ్లల్లో ఉందో చూడండి" అంది ఆమె.

నాలుగు నెలల్లో అమ్మినవి అరవై మూడు. గురునాథరావు ఆ సాయంత్రం హారిక చేత పేజీ పైనుంచి మనవరాలి ఫోటో తీయించాడు. ఆ స్థానంలో విచ్చుకుపోయిన కొక్కెం ఫోటో పెట్టించాడు. కింద ఇలా రాయించాడు. 'ఈ నాలుగు నెలల్లో మా దగ్గర ఉయ్యాల కొన్నవాళ్లు దయచేసి పిల్లల్ని అందులో పడుకోబెట్టకండి. కొక్కెంలో లోపం ఉంది. తప్పు మాది. చెప్పినవాళ్ల మాట నేను దాచేశాను. మేమే మీ ఇంటికి వచ్చి మారుస్తాం.' దాచిన ఏడింటినీ మళ్లీ అందరికీ కనపడేలా చేయించి, ఒక్కొక్కదాని కింద తన పేరుతో జవాబు రాశాడు.

ఇవన్నీ పేజీలో పెట్టే ముందు హారిక గుర్తు చేసింది. "రేపే విశాఖపట్నం మేడమ్ చూసేది."

"చూడనివ్వండమ్మా. ఆవిడ దుకాణానికి వచ్చేవాళ్లకీ పిల్లలు ఉంటారు" అన్నాడు.

శుక్రవారం మేనేజరు ఫోను చేసి, తమ మేడమ్ ఈ ఆలోచన మానుకున్నారని చెప్పాడు. గురునాథరావు సరేనన్నాడు. ఆ పాటికి ఆయన ఆటోలో బొబ్బిలి దారిలో ఉన్నాడు. పక్కన పాత కమ్మరి దగ్గర పని నేర్చుకున్న అతని మేనల్లుడు, వాళ్ల కాళ్ల దగ్గర రాత్రికి రాత్రే కొట్టించిన దళసరి కొక్కేలు.

ఇరవై రోజులు తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా మాటలు పడ్డాడు. బొబ్బిలిలో నుదుటి మీద కుట్లు పడిన పాప తల్లి, ఆయన ఎవరో తెలియగానే తలుపు ముఖం మీదే వేసేసింది. గురునాథరావు వెనక్కి వెళ్లలేదు. ఆ ఇంటి అరుగు పక్కన ఎండలోనే నిలబడ్డాడు. రెండు గంటల తరవాత ఆమె తలుపు తీసి, ఆ రోజు ఏం జరిగిందో, పాపను ఎలా ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డు చెప్పలేదు. అంతా విన్నాక, "ఉయ్యాల ఎక్కడుందమ్మా?" అని మాత్రం అడిగాడు.

అరవై మూడింటిలో అరవై రెండు దొరికాయి. మిగిలిన ఒక్కటి ఎవరి ఇంట్లో ఉందో ఈనాటికీ తెలియలేదు. దానికోసం ఆయన పేజీ పైన కొక్కెం ఫోటో అలాగే ఉంచాడు. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా చంటిపిల్ల ఏడుపు వినిపిస్తే గురునాథరావు అడుగు ఆగిపోతుంది.

తప్పు చెప్పినవాళ్ల మాటను దాచేస్తే పేరు శుభ్రపడదు, తప్పు మాత్రం ఇంకో ఇంటికి చేరుతుంది. కాబట్టి ముందు ఆ మాట చివరి దాకా వినాలి, వెంటనే తప్పు దిద్దుకోవాలి, పేరు గురించి ఆలోచన ఆ తరవాతే.