మంగతాయారు సంతలో కొనుక్కున్నది

అనగనగా ఒక ఊళ్ళో, బంగారం, ఒకే పొయ్యి మీద వండుకు తినే ముగ్గురు ఆడవాళ్ళుండేవారు. ముసలామె అప్పాయమ్మ. ఆమె కోడలు మంగతాయారు. మనవరాలు బుల్లి, అచ్చం నీ అంతే.

ఆదివారం సంతకి ముగ్గురూ వెళ్ళేవారు. అప్పాయమ్మ నిలవుండేవే కొనేది: చింతపండు, ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు. బుల్లి పొద్దుగూకేసరికి అయిపోయేవే కొనేది. మంగతాయారు ఎవరికేం కావాలో అవి కొనేది.

ఇంటికి రాగానే పోట్లాట.

"ముంజెలా! డబ్బులిచ్చి నీళ్ళు కొనుక్కొచ్చావు కదే," అనేది అప్పాయమ్మ.

"నీ చింతపండు వయసులో నాకంటే పెద్దది మామ్మా," అనేది బుల్లి.

మంగతాయారు పొయ్యి రాజేసేది.

ఆ ఇంట్లో ఒక కట్టడి. పాత జాడీ అయ్యేదాకా కొత్త ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పకూడదు. తీరా విప్పేసరికి అదీ పాతదైపోయేది. అందుకని కొత్తావకాయ రుచి ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ తెలీదు.

ఒక ఎండాకాలం అప్పాయమ్మకి జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ అన్నం సయించలేదు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. "లోపలికి ఏదో ఒకటి వెళ్ళకపోతే కష్టం," అని చెప్పి వెళ్ళాడు వైద్యుడు.

అప్పుడు మంగతాయారు చారన్నం కలిపి పెట్టింది. వద్దంది.

ఆ తర్వాత కొత్తావకాయ గుడ్డ విప్పబోయింది. "పాతది అవలేదుగా!" అని ముసలామె అంత నీరసంలోనూ కసిరింది. మంగతాయారు పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆదివారం వచ్చింది. బుల్లి సంతకి పరిగెత్తి ముంజెలు తెచ్చింది. తొక్క తీసి మామ్మ నోట్లో పెట్టింది.

అప్పాయమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఇంకోటుందా?" అంది.

సాయంత్రానికి అన్నం అడిగింది. కొత్తావకాయతో అడిగింది!

ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ ముగ్గురూ సంతకి వెళ్ళారు.

"నువ్వేం కొనుక్కుంటావే?" అని కోడల్ని అడిగింది అప్పాయమ్మ.

"నూనె అయిపోయింది అత్తయ్యా."

"ఇంటిక్కాదు. నీకు."

మంగతాయారు అటూ ఇటూ చూస్తూ నడిచింది. గాజుల దగ్గర ఆగి, "బుల్లికి బాగుంటాయి," అంది. దువ్వెనల దగ్గర ఆగి, "మీది పళ్ళూడిపోయింది," అంది. బెల్లం జీళ్ళ దగ్గర ఆగింది. ఏమీ అనలేదు.

"పొట్లం కట్టు నాయనా," అంది అప్పాయమ్మ కొట్టువాడితో.

మంగతాయారు పొట్లం విప్పి మూడు వాటాలు వెయ్యబోయింది. బుల్లి చెయ్యి చాచింది. మామ్మ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

అప్పుడు మంగతాయారు జీళ్ళు నములుతూ, దారంతా ముందు నడిచింది. వెనకాల వాళ్ళిద్దరూ, సంచులు మోసుకుంటూ.

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
జీళ్ళేమో అమ్మకి, మనమేమో మంచానికి.