తొమ్మిది కిలోలు

ప్రశ్న అడిగినవాణ్ణి నడిపించడం ప్రొఫెసర్ పరాంకుశం గారి అలవాటు. మనిషి నడకను కంప్యూటర్‌లో కట్టి చూపించే ఆ విశాఖపట్నం ల్యాబ్‌లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళంతా ఒకటే మాట చెబుతారు: సార్‌ని సందేహం అడిగితే జవాబు దొరకదు, చెప్పులు అరుగుతాయి.

ఆయన శిష్యుడు తవిటినాయుడు ఒకనాడు ఇలా అడిగాడు. "సార్, పనిలేని కండరం ఎందుకు కష్టపడుతుంది?"

నాయుడి అవస్థ ఏమిటో ముందు చెప్పాలి. కాలి ఎముకలూ కండరాలూ కంప్యూటర్‌లో పేర్చి, అడుగడుగుకీ ఏ కండరం ఎంత లాగుతుందో తేల్చే బొమ్మ ఒకటి నాలుగేళ్ళుగా తయారుచేస్తున్నాడు. అరవై దాటిన పదిమందిని పిలిచి, కదలికల్ని కెమెరాలు పట్టుకునేలా ఒంటికి మెరిసే గోళీలు అంటించి, అడుగు బరువు తూచేందుకు నేలలో బిగించిన పలకల మీద నడిపించాడు. ఒక్క అడుగు వెయ్యడానికి కండరాలు భారాన్ని ఎన్నో రకాలుగా పంచుకోవచ్చు. వాటిలో శ్రమ తక్కువైన దారినే ఒళ్ళు ఎంచుకుంటుందని ఆ బొమ్మ నమ్మకం. తొమ్మిదిమంది విషయంలో ఆ నమ్మకం నిజమైంది. పదో మనిషి సన్యాసమ్మ దగ్గర అదే బోర్లాపడింది. ఆమె ఎడమ తుంటి పక్క కండరానికి పెద్దగా పనిలేదని బొమ్మ అంటుంది. కండరం పని కొలవడానికి చర్మం మీద అంటించిన తీగలేమో అది గొడ్డుచాకిరీ చేస్తోందని చూపిస్తున్నాయి. మూడుసార్లు రప్పించి నడిపించినా అదే తంతు. డాక్టర్లు చూసి తుంటికి ఏ జబ్బూ లేదన్నారు. థీసిస్ ఇవ్వడానికి వారమే గడువు ఉంది. ఈ ఒక్క మనిషిని జాబితాలోంచి తీసేస్తే నాలుగేళ్ళ కష్టం గట్టెక్కుతుంది. అందుకు సార్ ఒప్పుకోవాలి.

పరాంకుశం గారు తెరవైపు చూడనైనా లేదు. మూడోసారి నడక ముగించుకుని, చెంగు సర్దుకుంటూ బయల్దేరుతున్న సన్యాసమ్మను చూపించి, "ఆవిణ్ణి బస్టాపు దాకా దిగబెట్టి రా. తర్వాత తీసేద్దువుగాని," అన్నారు.

నాయుడు లోపల విసుక్కుంటూనే వెళ్ళాడు. ఆమెకు ఎడంపక్కన నడవబోతే ఆమె అతని చెయ్యి పట్టి కుడిపక్కకి తెచ్చుకుంది. దారి ఎగుడుదిగుడుగా ఉన్నచోటల్లా కాస్త ఆగి, కుడి భుజం బిగించి, మళ్ళీ కదిలేది. ఆమెంత నెమ్మదిగా నడవలేక నాయుడు రెండుసార్లు ముందుకెళ్ళి వెనక్కి వచ్చాడు. గేటు దగ్గర మెట్టు దిగబోతూ ఆమె ఆగిపోయింది.

"ఏసెయ్, ఏసెయ్, నానున్నాను గదా," అంది.

తననే అంటోందనుకుని నాయుడు గబుక్కున అడుగువేశాడు. తీరా చూస్తే ఆమె కళ్ళు అతని మీద లేవు. మరుక్షణం నాలిక్కరుచుకుంది.

"జూట్ మిల్లులో మిషను మా ఇంటాయన కాలు తినేసినాది బాబూ. పదకొండేళ్ళు ఈ బుజం మీద సెయ్యేసే నడిసినాడు. ఎల్లిపోయి రెండేళ్ళయిపోనాది."

"పేరేంటమ్మా ఆయనది?"

"పెనిమిటి పేరు సెప్తారేటి!" అని ఆ ముసలితనంలోనూ సిగ్గుపడింది. తర్వాత కుడి భుజం తడుముకుంటూ మెల్లగా అంది. "ఆయన సెయ్యి తీసేసినాడు గానీ బుజానికి తెలవనేదు. తెలవకపోతేనే బాగున్నాది బాబూ. ఇలాగ నడిసినంతసేపూ ఉన్నట్టే ఉంటాడు. కూకుంటేనే బెంగ."

బస్సు వచ్చింది. ఇద్దరు పట్టే సీట్లో ఆమె ఎడమ పక్కకి ఒదిగి కూర్చుని, కుడిపక్క చోటు వదిలిపెట్టింది.  బస్సు మలుపు తిరిగాక కూడా నాయుడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కుడి భుజం మీద బరువుంటే ఒళ్ళు అటు ఒరిగిపోకుండా లాగిపట్టాల్సింది ఎడమ తుంటే. తెరమీద సన్యాసమ్మ ఎముకల బొమ్మకు కుడి భుజం మీద మూడు కిలోల బరువు పెట్టాడు. చాలలేదు. ఆరు పెట్టాడు. తొమ్మిది దగ్గర బొమ్మ గీసిన గీతా, తీగలు గీసిన గీతా ఒకదానిమీద ఒకటి వచ్చి పడ్డాయి. కొత్తగా పెట్టిన బరువుకి పేరివ్వనిదే ఆ ప్రోగ్రాము దాన్ని దాచుకోదు. నాయుడు కాసేపు ఆలోచించి, ఖాళీగా ఉన్న గడిలో 'ఆయన' అని కొట్టాడు.

సాయంత్రం పరాంకుశం గారు ఇంటికి వెళ్ళబోతుంటే ఎదురువెళ్ళాడు. "సన్యాసమ్మని తీసెయ్యను సార్. కానీ ఈ తొమ్మిది కిలోలు నేలలోని పలకలకి అందలేదు. థీసిస్‌లో ఉన్నట్టు రాయాలా, లేనట్టు రాయాలా?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ తలెత్తారు.

"బరువు సంగతి ఇన్నాళ్ళూ నేలనే అడిగావు కదయ్యా. మోసేవాళ్ళని ఎప్పుడు అడుగుతావు?" అన్నారు.