జకరయ్య వేసిన అతుకు

ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు తాతబ్బాయి మేస్త్రీకి లేదు. అడిగినవాళ్ల చేతిలో మీటరు పెట్టి కారు కిందికి పంపుతాడు. తాడేపల్లిగూడెంలో కార్ల కరెంటు పని తెలిసినవాళ్లలో సగం మంది అలా నేర్చుకున్నవాళ్లే. ఆ సంగతి ఆయన ఎవర్నీ మరిచిపోనివ్వడు. ఇప్పుడాయన దగ్గర పని నేర్చుకుంటున్న గంగరత్నం డిప్లొమా చదివింది. స్కానరు మీద వచ్చే అక్షరాలు ఆయనకు చదివిపెట్టేది ఆవిడే. ఒకరోజు పొద్దున్నే అడిగింది: "తప్పు ఎవరిదో మెషీనే పేరు పెట్టి చెప్పాక, మళ్లీ మనం వెతకడం దేనికండి?"

జవాబు ఆ పూటే ఇంకో బండి వెనక తాడుకి కట్టుకుని వచ్చింది.

అది ట్రావెల్స్ నడిపే భద్రరావుగారి కారు, పెట్రోలు లేకుండా కరెంటుతో నడిచేది. గతుకులో పడితే చాలు ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే లేచేది. ఈసారి లేవలేదు. గంగరత్నం స్కానరు తగిలించి చదివింది. మోటారు పెట్టె, బ్రేకు పెట్టె, డ్యాష్‌బోర్డు, అన్నిటిదీ ఒకటే ఫిర్యాదు: బ్యాటరీని చూసుకునే పెట్టె నుంచి మాట రావడం లేదు. ఇలాంటి కార్లలో ఈ పెట్టెలన్నీ మెలివేసిన రెండు సన్నటి తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మొన్నామధ్య ఆ తీగల్ని ఎలుక కొరికితే, అతుకు వేసింది జకరయ్య.

జకరయ్యది ఎదుటి వరసలో షెడ్డు. ఒకప్పుడు మేస్త్రీ చేతికింద పెరిగినవాడే. సొంత షెడ్డు పెట్టుకున్న కొత్తలో టీ కొట్టు దగ్గర నలుగురిలో నిలబడి, "మా మేస్త్రీకి స్కానరైనా అద్దమైనా ఒకటే, మొహం చూసుకోడానికి తప్ప పనికిరాదు" అన్నాడు. అప్పుడు నవ్వినవాళ్ల పేర్లు కూడా మేస్త్రీకి గుర్తే. ఆనాటి నుంచి ఆ కొట్లో టీ ముట్టడు. జకరయ్యతో మాట లేదు.

భద్రరావుగారు మంచి కసి మీద ఉన్నారు. "వాడి అతుకే నా కారుని చంపింది మేస్త్రీ. సాయంత్రం ఈ తగువు మెకానిక్కుల సంఘంలో పెడుతున్నాను. నువ్వు ఊఁ అంటే చాలు, ఇక ఈ ఊళ్లో వాడి చేతికి బండి ఇచ్చేవాడుండడు."

అందులో అతిశయం లేదు. మేస్త్రీ తప్పన్న పనిని సంఘంలో ఒప్పన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. రోడ్డుకి అవతల జకరయ్య చేతిలో పానా పట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. వినబడిందో లేదో గానీ, సంగతి వాడికి అర్థమైంది.

గంగరత్నం దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మీరు ఊఁ అనక్కర్లేదు కూడానండి. ఊరుకుంటే చాలు. మిగతాది ఆయనే అనుకుంటారు."

అబద్ధమెందుకు, ఆ మాట మేస్త్రీ చెవికి తియ్యగానే తగిలింది. అయినా మీటరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "పెట్టెలకి కరెంటిచ్చే చిన్న బ్యాటరీ విప్పేసి, స్కానరు తగిలించే చోట ఆ రెండు తీగల మధ్య పెట్టు. ఎంతుంది?"

"అరవై ఓములండి."

"ఎంతుండాలి?"

"అరవయ్యేనండి." ఆవిడ గొంతు నీరసపడింది. ఆ తీగల రెండు కొసల్లోనూ ఒక్కో రెసిస్టరు ఉంటుంది. ఒక కొస బ్యాటరీ పెట్టెలోనే, అంటే అతుక్కి అవతలే. అతుకు తెగి ఉంటే ఇవతలి రెసిస్టరు ఒక్కటే మిగిలి మీటరు రెట్టింపు చూపించాలి. తీగలు ఒకదానికొకటి తగిలితే సున్నాకి పడిపోవాలి.

అప్పుడు మేస్త్రీ తానే కారు కిందికి దూరి, పైన చుట్టిన టేపు విప్పాడు. రెండు అతుకులూ పక్కపక్కన పడకుండా ఒకటి ముందుగా, ఒకటి వెనగ్గా ఉన్నాయి. తీగల మెలిక అతుకు అంచుదాకా వదల్లేదు. టేపు కింది నుంచి పైకి చుట్టుకొచ్చింది, నీళ్లు పడినా జారిపోయేట్టు. అలా చుట్టమని ఎవరు నేర్పారో, నేర్పేటప్పుడు ఎవరి వేళ్ల మీద స్క్రూడ్రైవరు దెబ్బలు పడ్డాయో ఆయనకు తెలుసు. అతుకుని లాగాడు, వంచాడు, ఊపాడు. ఊడితే బాగుండునని మనసులో లేకపోలేదు. పైన గంగరత్నం అరవై, అరవై అంటూనే ఉంది.

మళ్లీ టేపు చుట్టి బయటికొచ్చాడు. "నోరుంది, దారుంది. మరి పలకదేం? ఊపిరి చూడు."

ఊపిరంటే ఆ పెట్టెకి వచ్చే కరెంటు. గంగరత్నం చిన్న బ్యాటరీ బిగించి, ఆ కరెంటు తీగ వెంటే వెతుక్కుంటూ పోయింది. సీటు కింద ఆ తీగని ఒక క్లిప్పు కరుచుకుని ఉంది. క్లిప్పు నుంచి ఇంకో తీగ, దాని కొసని ఒక నల్లటి డబ్బా. క్లిప్పు పంటి కింద రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి.

"ఈ డబ్బా ఎవరిది భద్రరావుగారూ?"

"నాదే. డ్రైవర్లు బండి ఎక్కడెక్కడ తిప్పుతున్నారో ఫోన్లో చూసుకోడానికి పెట్టించాను" అన్నారాయన, అంత గట్టిగా కాదు.

మేస్త్రీ మాత్రం రెండు వరసలకీ వినబడేట్టే అన్నాడు. "కరెంటు తీగని కొరికేసింది మీ డబ్బా. అతుకులో లోపం లేదు. అది నేను నేర్పిన అతుకు. నేను నేర్పింది ఊడదు. సాయంత్రం సంఘానికి వస్తాను, అక్కడా ఇదే చెబుతాను."

"సంఘం దాకా ఎందుకులే మేస్త్రీ" అని భద్రరావుగారు ఫోను తీసి దాంట్లోకి చూస్తూ కూర్చున్నారు.

గంగరత్నం ఆ క్లిప్పు పీకేసి తీగ బాగుచేసింది. కారు లేచింది. అది సందు మలుపు తిరిగాక జకరయ్య తన షెడ్డు దిగి రోడ్డు మధ్యదాకా వచ్చి, అక్కడే ఆగి చేతులు జోడించాడు. మేస్త్రీ అటు వీపు పెట్టి చేతులు కడుక్కోసాగాడు.

"దండం పెడుతున్నాడండి" అంది గంగరత్నం. "అంత గట్టిగా వాడి పక్షాన మాట్లాడారు. ఇప్పుడు ఒక్కసారి పలకరిస్తే ఏం పోతుందండి?"

"పలకరించను." మేస్త్రీ పాత గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "వాడి మీద కోపం నా సొంతం, అమ్మాయ్. ఇంకొకరి కారుకి బిగించను."