రావద్దని చెప్పే దీపం

గవ్వలపాలెం రేవులో నిలబడి తూర్పుకు చూస్తే, సముద్రం నడుమ దేశమ్మబండ మీద లైటుహౌసు కనిపిస్తుంది. అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, మూలలు లేకుండా గుండ్రంగా ఉంటుంది. మొదట కట్టిన నలుచదరపు స్తంభాన్ని అలలు కూల్చేశాయి. అందుకే ఈసారి రాయికి గాడి తీసి, పక్క రాయిని అందులో బిగించి గుండ్రంగా లేపారు. అల చుట్టూ తిరిగి పోతుందే తప్ప దానికి పట్టు చిక్కదు. మా చిన్నతనంలో అక్కడ దీపం చూసుకునే మనుషులుండేవారు. సాయంత్రం వాళ్లు అద్దాలు తుడుస్తుంటే ఆ తళుకు ఒడ్డుదాకా కనబడేది. ఇప్పుడు సోలారు దీపం తనంతట తానే వెలుగుతోంది. వెలుగు పెరిగిన మాట నిజమే గాని, ఆ మనుషులు లేని లోటు మాకు తీరలేదు.

పూర్వం అక్కడ బండ మాత్రమే ఉండేది. మసక చీకట్లో అది కనిపించేది కాదు. దేశమ్మ అనే జాలరి ఇల్లాలు, వేటకు పోయిన భర్త ఎర్రయ్య దారి తప్పకూడదని రోజూ మునిమాపున గుడిసె ముందు దీపం పెట్టేది. ఆ గుడిసె సరిగ్గా బండకు ఎదురుగా ఉన్నదన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఒకనాడు ఎర్రయ్య ఆ దీపాన్నే గురిపెట్టుకుని వస్తూ బండకు కొట్టుకుని మరణించాడు. తన దీపమే తన భర్తను చంపిందని దేశమ్మ కుమిలిపోయింది.

గంగమ్మ తల్లి ఆమె కలలో కనిపించి, “రమ్మనే దీపాలు ఊరినిండా ఉన్నాయి. రావద్దనే దీపం ఒక్కటీ లేదు” అని పలికింది. నాటి నుంచి దేశమ్మ రోజూ తెప్ప మీద బండకు వెళ్లి, కుండలో దీపం వెలిగించి వచ్చేది. ఊరు ఆమెను పిచ్చిదంది. పడవలు మాత్రం ఆ దీపానికి ఎడంగా తిరిగి క్షేమంగా రేవు చేరేవి.

కొన్నేళ్లకు ఒక తుపాను సాయంత్రం ఆమె తెప్ప కొట్టుకుపోయింది. అలలు బండ మీదికి ఎక్కుతున్నా, దేశమ్మ దీపానికి కొంగు అడ్డుపెట్టి నిలబడింది. అప్పుడే ఆమె కొడుకు దానయ్య తోటివాళ్లతో వేట నుంచి వస్తున్నాడు. తల్లిని చూసి పడవను బండ వైపు తిప్పాడు.

“రాకురా నాయినా! మీ అయ్యొచ్చిన దారది. పడవలో అంతమంది బిడ్డలున్నారు, ఎల్లిపోరా!” అని దేశమ్మ అరిచింది.

“నిన్నొగ్గేసి ఎలాగెల్తానే అమ్మా!” అని దానయ్య ఏడ్చాడు.

“నాను రావద్దంతన్నాను. నా మాటిను!”

దానయ్య చుక్కాని తిప్పాడు. పడవ రేవు చేరింది. తెల్లవారి చూస్తే బండ మీద కుండలో దీపం వెలుగుతూనే ఉంది. దేశమ్మ లేదు.

ఆ తల్లికి గుడి ఒడ్డునే ఉంది. బండ దాకా తీసుకుపొమ్మని యాత్రికులు ఎంత బతిమాలినా మా పడవలు కదలవు, విసుక్కోవద్దు. కార్తిక పౌర్ణమి సాయంత్రం పడవలన్నీ బండకు ఎడంగా ఆగుతాయి. ఆడామగా అందరూ పసుపు కుంకుమలు నీళ్లలో వదిలి, “మేం రాము తల్లీ, నీ మాట వింతన్నాం” అని మొక్కి వెనుదిరుగుతారు. అలా మొక్కినవారి బిడ్డలు ఎంత దూరం వెళ్లినా చల్లగా ఇల్లు చేరతారని మా నమ్మకం. దానయ్య వంశంవారి పడవ అందరికన్నా చివర కదులుతుంది. చుక్కాని తిప్పేటప్పుడు ఆ ఇంటి మగవాళ్లు ఈనాటికీ ఏడుస్తారు.