నక్క తెచ్చిన సెంటర్ ఫార్వర్డ్

తుమ్మలమెట్ట అడవిలో జంతువులకో కాలేజీ ఉంది. ఆ కాలేజీకో హాకీ జట్టుంది. ఆ జట్టు మూడేళ్లుగా ఎర్రగుట్ట కాలేజీ చేతిలో వరసగా ఓడిపోతోంది. ఇంక ప్రిన్సిపాలు గజపతి ఏనుగుకి ఓపిక నశించింది.

"ఈసారీ ఓడితే మైదానం పందులకిచ్చేస్తాను. బురదగుంటకి చోటు కావాలని అర్జీల మీద అర్జీలు పెడుతున్నాయి," అన్నాడు.

జట్టు కోచ్ బసవయ్య అనే ఎద్దు. ఏ పనైనా నిదానం మీద చేసే మనిషి.

"ఒక్క ఏడాది ఓపిక పట్టండయ్యా. పిల్లలు దారిలో పడుతున్నారు. మన ముంగిస నీలవేణినే చూడండి. వచ్చిన కొత్తల్లో బంతి కనబడితే పాము తలనుకుని కొరికేది. ఇప్పుడు కర్రతో ఆపుతోంది, పక్కవాళ్లకి అందిస్తోంది," అన్నాడు.

"కొరకడం మానేసిందా! అబ్బో, ఇంకేం, కప్పు మనదే!" అని పకపకా నవ్వాడు జంబులయ్య నక్క. జట్టుకి ఆటగాళ్లని వెతికి తెచ్చే పని అతనిది. "అయ్యా, ఈయన నేర్పేలోగా మనందరికీ పళ్లూడిపోతాయి. తయారుగా ఉన్నవాణ్ణే తెద్దాం. ఎక్కడుంటే అక్కణ్ణించి ఎత్తుకొస్తా."

ఏనుగు తలూపాడు.

మర్నాడు జంబులయ్య ఎర్రగుట్ట మైదానం పక్కన తంగేడు పొదలో నక్కి కూర్చున్నాడు. అక్కడి కోచ్ పోలమ్మ అనే మేక. ఆమె ముందు ఒక జింక మైదానం ఆ చివర్నుంచి ఈ చివరికి ఎగిరెగిరి దూకుతోంటే, కుందేళ్లు చప్పట్లు కొడుతున్నాయి. పోలమ్మకి పొదలోంచి నక్క తోక కనిపించింది.

"ఒరే హరీ! ఆ బండ చాటుకి పోరా! ఎవరైనా చూస్తే నా కొంప మునుగుతుంది!" అని గట్టిగా కేకేసింది.

జంబులయ్య బయటికొచ్చాడు. "ఏంటక్కా, ఎవర్నో దాస్తున్నావు?"

"అబ్బే, వాడు ఆటగాడు కాదు తమ్ముడూ. ఊరికే గెంతుతుంటాడంతే."

"అబద్ధం ఆడితే గడ్డం వణుకుతుంది నీకు," అని నక్క తిన్నగా జింక దగ్గరికే వెళ్లాడు. "మా కాలేజీకి రా బాబూ. సెంటర్ ఫార్వర్డ్ నువ్వే. మూడుపూటలా లేత గరిక. పొద్దున్నే లేచి ప్రాక్టీసు చెయ్యక్కర్లేదు."

జింక చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఆ ఆఖరి మాట మళ్లీ చెప్పండి," అన్నాడు.

పోలమ్మ లబోదిబోమంది. "పదకొండోవాడు లేకుండా జట్టునెలా దించను? పోనీ బదులుగా ఎవర్నో ఒకర్ని పంపు. మీ దగ్గర బంతిని కొరికే ముంగిస ఉందటగా, అదైనా సరే."

నక్క నవ్వాపుకోలేక చచ్చాడు. "తీసుకో అక్కా, పండగ చేసుకో!"

కబురు తెలిసి బసవయ్య దారికడ్డంగా నిలబడ్డాడు. "ఆ పిల్లకి బంతి ఆపడం పట్టుబడ్డానికి రెండేళ్లు పట్టింది జంబులయ్యా."

"జింకకి పుట్టుకతోనే వచ్చు. తప్పుకో."

నీలవేణి మూట భుజానేసుకుని, "నేను వెళ్లాల్సిందేనా గురువుగారూ?" అంది.

బసవయ్య తలెత్తలేకపోయాడు. "వెళ్లమ్మా. నేర్చుకున్నది మాత్రం వదలకు," అన్నాడు.

పోటీ రోజు రానే వచ్చింది. జింక దూకుడు చూసి తుమ్మలమెట్ట జనం ఈలలేశారు. ఇంతలో బంతి అతని దగ్గరికొచ్చింది. నాలుగు కాళ్ల మధ్యనుంచీ దూరి వెళ్లిపోయింది. అది చూసుకోకుండా జింక అదే ఊపులో పరిగెత్తి, గోలు దాటి, మైదానం దాటి, అవతల జొన్నచేలో తేలాడు.

నీలవేణి మాత్రం నేలకి అంటుకుపోయినట్టు వంగి బంతినాపింది. పక్కవాడికిచ్చింది, మళ్లీ తీసుకుంది, గోల్లోకి నెట్టింది. అలా మూడుసార్లు. మూడోసారి బసవయ్య ఆనందం పట్టలేక గిట్టతో నేలని తన్నాడు. తర్వాత తను ఏ జట్టు కోచో గుర్తొచ్చి చుట్టూ చూశాడు.

ఆట అయిపోయాక జంబులయ్య పోలమ్మని నిలదీశాడు. "ఆ ముంగిస సంగతి నీకెలా తెలుసు?"

"పోయినేడు మేం ఆరు గోల్స్ కొట్టాం, మీరొక్కటి కొట్టారు. నువ్వు ఆ ఆరూ తలుచుకుని ఏడ్చావు. నేను ఆ ఒక్కటీ ఎవరు కొట్టారో కనుక్కున్నాను," అందామె.

నక్క నీలవేణి వైపు తిరిగాడు. "నువ్వు మన పిల్లవి కదమ్మా, వచ్చెయ్యి."

"ఆవిడ నన్ను కావాలని అడిగింది. మీరు వద్దనుకుని ఇచ్చేశారు," అని నీలవేణి బసవయ్యకి దణ్ణం పెట్టి తన కొత్త జట్టుతో వెళ్లిపోయింది.

ఏనుగు పందుల్ని పిలవబోయాడు. బసవయ్య అడ్డం పడ్డాడు. "అయ్యా, మనల్ని ఓడించింది ఈ మైదానంలో తయారైన పిల్లే. పందులకిస్తే అలాంటివాళ్లు మళ్లీ ఎక్కడ తయారవుతారు?"

ఏనుగు పందుల అర్జీలు తిరగ్గొట్టాడు. మైదానం ఉండిపోయింది. నక్క ఉద్యోగం మాత్రం మారింది. కొత్త పిల్లలు గురి నేర్చుకునేటప్పుడు గోలు ముందు నిలబడాలి. వాళ్లలో ఏదుపంది పిల్లకి గురి ఇంకా కుదర్లేదు. గోలు తప్పుతోంది గానీ, నక్క ముక్కు ఒక్కరోజూ తప్పలేదు.

నీతి: తన దగ్గర ఎదుగుతున్నవాళ్లని చూడటం చేతకానివాడు, పొరుగునుంచి ఎవర్ని తెచ్చుకున్నా ఓడిపోతాడు.