రోము నాణెం మీది ఆడకూతురు

కోపం ఎప్పుడైనా తగునా అని రేవతుడు అడిగితే, గురువు భదంత బోధికులవారు భిక్షాపాత్ర తీసుకుని ధాన్యకటకం వెండి బజారు దారి పట్టారు. శిష్యుడు వెనకే నడిచాడు.

అక్కడ కంసాలి కొట్టు ముందు కన్హ అనే నేతగత్తె నిలబడి ఉంది. రోము ఓడవాళ్లకు సన్నబట్ట నేసి ఇచ్చినందుకు దక్కిన ఒకే ఒక్క వెండి నాణెం ఆమె చేతిలో ఉంది. మర్నాడు కూతురి పెళ్లి. నాణేనికి కొక్కెం అతికించి పిల్ల మెళ్లో వేయాలని వచ్చింది. నాణెం మీద ఒకవైపు తలకు ఆకుల దండ చుట్టుకున్న రాజు, రెండోవైపు చెట్టు కింద కూర్చున్న ఆడమనిషి. చెట్టు కింద ఆడదంటే మనవాళ్లకు ఇంకెవరు, యక్షిణే కదా. చల్లని తల్లి, కడుపు పండిస్తుందని బజారంతా కళ్లకద్దుకుంది.

పక్కన బేరమాడుతున్న రోము ఓడవాడొకడు, మన మాటలు నాలుగు నేర్చినవాడు, విరగబడి నవ్వాడు. అది చెట్టు కాదట, ఓడిన సైనికుల కవచాలు వేలాడదీసిన గుంజట. ఆ మనిషి వాళ్ల రాజు గెలుచుకున్న దేశమట. ఓడిన దేశాన్ని ఏడుస్తున్న ఆడదానిగా అచ్చేయడం వాళ్ల ఆనవాయితీ అట. కన్హ నాణేన్ని ఎండకు పట్టి చూసింది. నిజమే, చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి.

ఆమె ముఖం కందగడ్డయింది.

"గెలిచినవాడు గెలిచాడు. ఏడ్చేదాన్ని ఊరూరా తిప్పడమేమిటి? ఈ కట్లు చెక్కెయ్యి అన్నా. లేదంటే నా పిల్ల బోసిమెడతోనే పీటల మీద కూర్చుంటుంది."

రాజు ముఖం పైకి పెట్టి వేసుకుంటే వెనకాల ఎవరు చూస్తారని కంసాలి నచ్చజెప్పబోయాడు. చూడకపోతే కట్లు ఊడతాయా అని ఆమె కసిరింది. సరే, గీత వెంట్రుకంత ఉంది, పట్టకారుతో పట్టుకుంటే నాణెం నొక్కుకుపోతుంది, ఎవరైనా వేలితో అదిమి పట్టాలి, ఉలి జారితే మాత్రం నా పూచీ లేదన్నాడతను. కన్హ పట్టుకోబోయింది గాని కోపంతో ఆమె చేతులు వణుకుతున్నాయి. ఇందాక కళ్లకద్దుకున్న బజారు ఇప్పుడు దిక్కులు చూసింది.

ఈ కోపాన్ని చల్లార్చే మాట గురువుగారు ఇక చెబుతారని రేవతుడు చెవులు రిక్కించాడు. ఆయన పాత్ర కింద పెట్టి, దాగలి దిమ్మ పక్కన గొంతుక్కూర్చుని, నాణెం అంచు మీద బొటనవేలు ఆనించారు. ఉలి రెండుసార్లు జారింది. మూడోసారికి కట్టు లేచిపోయింది.

తిరుగుదారిలో రేవతుడు ఉండబట్టలేకపోయాడు. భిక్షువు వెండి ముట్టరాదని రోజూ వల్లె వేయించేది ఈయనే మరి.

"భదంతా, తమరు వెండి ముట్టుకున్నారు" అన్నాడు, గొంతులో మంట దాచుకోలేక.

బోధికులవారు నెత్తురు కారుతున్న వేలిని కాషాయ చీవరం కొసతో అదుముకున్నారు.

"వెండి ఎక్కడుంది నాయనా? నాకు కట్టిన చేతులే కనిపించాయి."